ఇల్లు కదలలేదు, ఎల్లలు కదిలాయి

భద్రాద్రి రామయ్యను దర్శించిన తెలుగువారు లెక్కకు మిక్కిలి. ఆ కొండ చుట్టూ ఎల్లలు ఎన్ని మార్లు మారాయో ఎరిగినవారు మాత్రం కొద్దిమందే.

గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న ఈ సీమ తరతరాలుగా కోయల, కొండరెడ్ల నివాసం. పదిహేడవ శతాబ్దిలో ఇది గోలకొండ ఏలుబడి. పాల్వంచ పరగణా తహసీలుదారు కంచర్ల గోపన్న గుడి కట్టించి, తానీషా చెరలో మగ్గిన కథ మన ఇళ్లలో పసివారికి సైతం తెలుసు. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైంది. తరువాత ఆసఫ్‌జాహీలు వచ్చారు.

అసలు చిక్కు 1860లో మొదలైంది. గోదావరి మీద పడవలు నడిపి మధ్య ఇండియా పత్తిని సముద్రానికి చేర్చాలని ఆంగ్లేయుల ఆశ. అందుకు ఎడమ ఒడ్డు తమ చేతిలో ఉండాలి కదా! రాయచూరు అంతర్వేది మొదలైనవి నిజాముకు తిరిగి యిచ్చి, ఈ ఒడ్డును పుచ్చుకున్నారు, మధ్యపరగణాలలో కలిపారు. దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట లేచింది. కాని నదిలోని రాళ్ల ముందు, ఖర్చు ముందు పడవల పథకం నిలువలేదు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు అప్పగించారు.

1945లో కూనవరంలో పుట్టిన ఒక కోయ అవ్వ ఉన్నదనుకోండి. ఆమె పుట్టింది మద్రాసు రాజధానిలో. 1953లో ఆంధ్ర రాష్ట్రం; 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో తాలూకా ఖమ్మం జిల్లాకు మారింది. 2014లో తెలంగాణ ఏర్పడబోతుండగా, పోలవరం కోసం ఆమె మండలాన్ని ఆంధ్రలోనే ఉంచి తూర్పుగోదావరిలో కలిపారు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఇన్ని మారినా అవ్వ గడప దాటి ఎక్కడికీ పోలేదు!

ఆ 2014 విభజనలో భద్రాచలం పట్టణం తెలంగాణకు దక్కింది. రామయ్య మాన్యాలున్న పురుషోత్తపట్నం ఆంధ్రకు పోయింది. దేవుడొక రాష్ట్రంలో, ఆయన పొలం మరొక రాష్ట్రంలో! భద్రాచలం నుంచి దుమ్ముగూడెం బస్సెక్కినవారు తెలంగాణలో బయలుదేరి, ఆంధ్రలో ప్రయాణించి, మళ్లీ తెలంగాణలో దిగుతారు.

ఒక విచిత్రం గమనించారా? 1860లో ఎల్ల జరిగింది నది కోసం. 2014లో జరిగిందీ నది కోసమే. రెండు మార్లూ ఆ ఒడ్డున బతికే కోయలను అడిగి గీసిన గీత కాదది. ఇన్నాళ్లూ ఎల్లలే కదిలాయి. ఇప్పుడు పోలవరం ముంపులో కూనవరం, చింతూరు ప్రాంతాల పల్లెలెన్నో ఉన్నాయి. ఈసారి కదలవలసింది అవ్వ ఇల్లే.