కుదురు లేని పిల్లవాడికి తల స్కానింగ్ కావాలా?

పిల్లలన్నాక అల్లరి చేస్తారు. ఆరేళ్ళవాడు గంటసేపు బాసింపట్టు వేసుకుని కదలకుండా కూర్చుంటే అతన్నే డాక్టరుకు చూపించాలి! కాని కొందరు పిల్లలు ఇంట్లోనూ, బడిలోనూ ఒక్కచోట నిలవరు. లెక్క సగం చేసి వదిలేస్తారు. పెన్నులు, పుస్తకాలు రోజూ పోగొట్టుకొస్తారు. మరికొందరు, ముఖ్యంగా ఆడపిల్లలు, అల్లరి చేయరు. పాఠం వింటున్నట్టే కూర్చుంటారు, మనసు మాత్రం అక్కడ ఉండదు. ఇది వయసుకు మించి, ఆరు నెలలకు పైగా సాగుతూ చదువుకు అడ్డు వస్తుంటే ఏ.డి.హెచ్.డి. కావచ్చు.

మా ప్రత్తిపాడు ప్రాంతంలో ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు ముందుగా అడిగేది, "గుంటూరు తీసుకెళ్ళి తలకి స్కానింగ్ తీయించమంటారా డాక్టరుగారూ?" అని. మిరపకాయలు అమ్మిన డబ్బు అందుకు ఖర్చుపెట్టేముందు ఈ నాలుగు మాటలు చదవండి.

స్కానింగుల్లో ఏం తెలిసింది?

2007లో అమెరికా శాస్త్రజ్ఞులు ఈ లక్షణాలున్న 223 మంది పిల్లల మెదడు ఎం.ఆర్.ఐ. చిత్రాలను, లక్షణాలు లేని మరో 223 మంది చిత్రాలతో పోల్చారు. వయసుతోపాటు మెదడు పైపొర మందమెక్కి, ఆ తరువాత పలచబడుతుంది. మామూలు పిల్లల్లో ఆ పొర సగం మేర పూర్తి మందానికి వచ్చేది సుమారు ఏడున్నర ఏళ్ళకు. వీళ్ళలో పదిన్నరకు! ఆలోచననూ, నిగ్రహాన్నీ నడిపే ముందుభాగంలో ఈ ఆలస్యం మరీ ఎక్కువ. కాళ్ళూ చేతులూ కదిలించే భాగం మాత్రం కాస్త ముందే ఎదిగింది. అంటే ఇంజను ముందు సిద్ధమైంది, బ్రేకు ఆలస్యమైంది.

2017లో అనేక దేశాల నుంచి మూడువేలమందికి పైగా స్కానింగులు పోల్చి చూస్తే, మెదడు లోపలి కొన్ని భాగాలు ఈ పిల్లల్లో రవ్వంత చిన్నవిగా కనిపించాయి. పెద్దవాళ్ళలో ఆ తేడా స్పష్టంగా లేదు.

కాబట్టి ఇది పొగరు కాదు, సోమరితనం కాదు, తల్లి పెంపకంలో లోపం కాదు. కొడితే పోయేది కాదు. అలాగని పెద్దయితే అదే పోతుందని ఊరుకోవద్దు. చాలామందిలో పెద్దయ్యాక కూడా మిగులుతుంది; ఈలోగా చదువు పాడవుతుంది.

మరి మీవాడికి తీయిస్తే?

పైన చెప్పిన తేడాలన్నీ వందలమంది సగటులో కనిపించేవి. ఒక్క బిడ్డ ఫిల్ము చూసి ఈ జబ్బు ఉందనీ, లేదనీ ఎవరూ చెప్పలేరు. రిపోర్టు 'నార్మల్' అని రాగానే "వీడికేం లేదు, అంతా వేషాలే" అని బెల్టు తీసే తండ్రులున్నారు. అది పొరపాటు. పైగా సి.టి. స్కానుతో పిల్లల తలకు రేడియేషన్ తగులుతుంది. ఎం.ఆర్.ఐ.కి కదలకుండా పడుకోవాలి. చిన్నపిల్లలకు తరచు మత్తు ఇవ్వాల్సి వస్తుంది. ఫిట్సు వచ్చినా, తలకు గట్టి దెబ్బ తగిలినా, ఒకవైపు చెయ్యీ కాలూ బలహీనపడినా, వచ్చిన మాటలు పోతున్నా స్కానింగ్ అవసరమేమో డాక్టరే చెబుతారు.

ఏం చేయాలి?

ముందు చూపు, వినికిడి, నిద్ర, రక్తహీనత పరీక్ష చేయించండి. ఈ లక్షణాలు పన్నెండేళ్ళలోపే మొదలై, కనీసం రెండుచోట్ల కనబడాలి. ఇంట్లో ఒకసారికి ఒక్క పనే చెప్పండి. హోంవర్కు పదేసి నిమిషాల ముక్కలు చేయండి. చేసిన వెంటనే మెచ్చుకోండి. రోజూ ఆడుకోనివ్వండి. బడిలో ముందు బెంచీ అడగండి. మందు అవసరమైతే నిపుణుడే రాయాలి. ఆకలి, నిద్ర, బరువు, బి.పి. చూస్తూ వాడాలి. 'జ్ఞాపకశక్తి టానిక్కు'లకు డబ్బు తగలేయకండి.

గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 14416కు ఫోను చేస్తే టెలి మానస్ వారు ఉచితంగా సలహా ఇస్తారు. వెళ్ళేటప్పుడు ఫిల్ములు అక్కరలేదు. పిల్లవాడు బడిలో ఎలా ఉంటాడో మేష్టారుచేత ఒక కాగితంమీద రాయించుకు వెళ్ళండి. డాక్టరుకు ముందుగా కావలసింది అదే.