దూరదర్శిని, చేతిఫోను, చంద్రబింబము

ఆకాశమును చూచి ఆనందించుట అందరికీ తెలిసినదే. చూచినదానిని భద్రపరచి, పదిమందికి చూపి, "ఇది ఇట్లున్నది" అని నిరూపించుట శాస్త్రము చేయవలసిన పని. ఛాయాచిత్రకళ వచ్చిన తరువాత ఈ పనికి ఖగోళ శాస్త్రజ్ఞులకు ఒక మంచి సాక్షి లభించినది. ఒకనాడు ఇందుకు వేధశాలలు, గాజుపలకలు, రసాయన ద్రవ్యములు కావలసియుండెను. నేడు ఒక చిన్న దూరదర్శిని, విద్యార్థి జేబులోని స్మార్ట్‌ఫోను చాలును. ఆ పద్ధతి ఎట్టిదో, అందు వహింపవలసిన జాగ్రత్తలేవో ఈ వ్యాసమున వివరింప దలచినాము.

కెమెరా మూలసూత్రము క్రొత్తది కాదు. సుమారు 965లో బస్రా నగరమున జన్మించిన ఇబ్న్ అల్ హైసమ్, చిన్న రంధ్రము గుండా వచ్చు వెలుగును పరిశీలించి, గ్రహణ కాలమున సూర్యబింబపు ఆకారము గూర్చి ప్రత్యేక గ్రంథమే రచించినాడు. 1840లో జాన్ విలియం డ్రేపర్ న్యూయార్కు నగరమున వెండిపూత పూసిన రేకుపై చంద్రుని చిత్రము తీసినాడు. అందుకు సుమారు ఇరువది నిమిషములు పట్టినది. నేడు ఫోనుకు సెకనులో నూరవ వంతు కాలము చాలును.

మన హైదరాబాదునకు ఈ చరిత్రలో గౌరవప్రదమైన స్థానము కలదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాల 1908లో ప్రభుత్వ యాజమాన్యము క్రిందికి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయము క్రిందికి వచ్చినది. 1887లో పారిస్ సమావేశమున తలపెట్టిన అంతర్జాతీయ నక్షత్ర చిత్రపట నిర్మాణములో ఈ వేధశాల పాల్గొన్నది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణమున 17 నుండి 23 డిగ్రీల వరకు గల భాగమును గాజుపలకలపై చిత్రించి, నక్షత్రముల స్థానములను కొలిచి గ్రంథస్థము చేసినది.

ఇక పద్ధతికి వత్తుము. దూరదర్శినిలోని వస్తుకటకము లేక దర్పణము దూరపు వస్తువు ప్రతిబింబమును ఏర్పరచును. అక్షికటకము దానిని పెద్దదిగా చూపును. కంటిని ఉంచవలసిన చోట ఫోను కెమెరాను ఉంచిన యెడల, కంటిపొరకు బదులు ఫోనులోని గ్రాహకముపై చిత్రము పడును. వస్తుకటకపు నాభ్యంతరమును అక్షికటకపు నాభ్యంతరముచే భాగించినచో వృద్ధీకరణము తెలియును. 900 మిల్లీమీటర్ల దూరదర్శినికి 25 మిల్లీమీటర్ల అక్షికటకము అమర్చినచో 36 రెట్లు, 10 మిల్లీమీటర్లది అమర్చినచో 90 రెట్లు వచ్చును. పూర్ణబింబము కొరకు మొదటిది, గ్రహముల కొరకు రెండవది ఉపయోగించవలెను. ఫోనులోని డిజిటల్ జూమ్ వలన ప్రయోజనము లేదు. అది చిత్రమును సాగదీయునే కాని క్రొత్త వివరమును తేలేదు.

ఫోను చేతితో పట్టుకొన్నచో కటకముల అక్షములు కలియవు. చిత్రమున నల్లని అంచులు, మసక ఏర్పడును. కావున ఫోనును అక్షికటకమునకు బిగించు హోల్డరు తప్పనిసరి. ఫోనునకు రెండు మూడు కెమెరాలున్నచో ప్రధాన కెమెరానే అక్షికటకమునకు ఎదురుగా నిలుపవలెను. తెరపై వ్రేలు తాకిన కదలిక చిత్రమును చెరచును గనుక మూడు సెకనుల టైమరు పెట్టవలెను.

ఫోను తనంతట తాను వెలుగును లెక్కించునపుడు చుట్టుపట్ల నల్లని ఆకాశమును కూడ లెక్కలోనికి తీసికొనును. తత్ఫలితముగా చంద్రుడు తెల్లని పళ్ళెమువలె వచ్చును. చంద్రుడు సూర్యుని ఎండలో నున్న రాతినేల అని గుర్తుంచుకొనవలెను. తెరపై బింబమును కొంతసేపు అదిమి పట్టి, ఫోకసును, వెలుగును స్థిరపరచి, పిమ్మట వెలుగును తగ్గించినచో బిలములు స్పష్టపడును.

చిత్రమునకు పున్నమి శ్రేష్ఠమని చాలమంది తలతురు. వాస్తవము అది కాదు. పున్నమినాడు వెలుగు ఎదురుగా పడుటచే నీడలుండవు, నీడలు లేనిదే ఎత్తుపల్లములు తెలియవు. హిజ్రీ మాసమైనను, తెలుగు పంచాంగమైనను లెక్కించునది చంద్రకళలనే. శుక్లపక్ష సప్తమి, అష్టమి, నవమి రాత్రులు అనుకూలమైనవి. అప్పుడు వెలుగు చీకట్ల సరిహద్దు బింబము నడుమ సాగును. ఆ సరిహద్దు చెంత ఒక వరుసగా టాలెమీ, అల్ఫాన్సస్, అర్జాకెల్ అను మూడు పెద్ద బిలములు, ప్రక్కనే అల్బటెగ్నియస్ అను మరియొకటి కనబడును. టాలెమీ బిలపు వెడల్పు సుమారు 150 కిలోమీటర్లు. అల్బటెగ్నియస్ అనగా సిరియాలోని రఖ్ఖాలో ఆకాశమును పరిశీలించిన అల్ బత్తానీ. అర్జాకెల్ అనగా టొలీడో నగరపు అల్ జర్ఖాలీ. అల్ఫాన్సస్ ఖగోళ పట్టికలు తయారు చేయించిన కాస్టీలు రాజు. గ్రీకు పండితుడు, ఇద్దరు ముస్లిం శాస్త్రజ్ఞులు, ఒక క్రైస్తవ రాజు ఇరుగుపొరుగువారివలె ఒకచోట నున్నారు. 1651లో ఇటలీ దేశపు రిచియోలి ప్రకటించిన చంద్రపటము వలన ఇట్టి పేర్లు స్థిరపడినవి.

గ్రహముల సంగతి వేరు. గురుగ్రహము మిక్కిలి సమీపమున నున్నపుడు సైతము దాని బింబపు వెడల్పు మన కంటికి చంద్రబింబములో సుమారు నలుబదవ వంతు మాత్రమే. అంత చిన్న బింబమును మన వాతావరణపు గాలి పొరలు నీటిలోని నాణెమువలె కదలించుచుండును. కావున ఒక్క చిత్రమునకు బదులు ఒక నిమిషము వీడియో తీయవలెను. సెకనుకు 30 చొప్పున 1800 చిత్రములు వచ్చును. గాలి నిలకడగా నున్న క్షణములలోనివి ఏరి, ఒకదానిపై నొకటి చేర్చి సగటు తీయుటకు ఆటోస్టాకర్ట్ వంటి ఉచిత కంప్యూటరు ప్రోగ్రాములు కలవు. 400 చిత్రముల సగటు తీసినచో అక్కరలేని చుక్కల తీవ్రత ఇరువదవ వంతునకు తగ్గును. గురుడు పది గంటలలోపే తన చుట్టు తాను తిరుగును గనుక రెండు మూడు నిమిషములకు మించి వీడియో తీయరాదు. వెలుగు తగ్గించినచో గురుని పట్టీలు, పెంచినచో నాలుగు పెద్ద ఉపగ్రహములు కనబడును. రెంటికీ వేరువేరు చిత్రములు తీయవలెను. 2025 మార్చిలో శనివలయములు మనకు అంచు మాత్రమే చూపినవి. నాటి నుండి సంవత్సరము సంవత్సరమునకు అవి విచ్చుకొనుచున్నవి.

ఎండకు కాగిన డాబాపై నుండి వేడిగాలి లేచి బింబమును చెరచును. గడ్డినేల మేలు. దూరదర్శినిని అరగంట ముందుగా ఆరుబయట ఉంచవలెను. సూర్యుని వైపు మాత్రము, దూరదర్శిని ముఖమునకు తగిన సౌరఫలకము బిగించనిదే, ఎన్నడును త్రిప్పరాదు. కన్ను పోవును, ఫోనును పోవును.

ఇక మేము ముఖ్యముగా హెచ్చరింపదలచిన విషయమొకటి కలదు. కొన్ని ఫోనులు చంద్రుని గుర్తుపట్టిన వెంటనే, పూర్వము నేర్చుకొన్న అనేక చంద్రచిత్రముల ఆధారముతో వివరములను తామే దిద్దును. 2023లో ఒకరు కావలెనని మసకబార్చిన చంద్రచిత్రమును కంప్యూటరు తెరపై చూపి ఫోనుతో తీయగా, తెరపై లేని వివరములు ఫోను చిత్రమున ప్రత్యక్షమైనవి. వచ్చిన వెలుగును కూడి సగటు తీయుట ఒకటి, రాని వివరమును చేర్చుట మరొకటి. మొదటిది పరిశీలన, రెండవది అలంకారము. అలంకారము తప్పు కాదు గాని, దానిని సాక్ష్యమని చూపుట తప్పు. ప్రయోగశాల రికార్డులో రాని అంకెను వ్రాయుట ఎట్టిదో ఇదియు నట్టిదే.

కావున విద్యార్థులు ఫోనులోని దిద్దుబాటు ఏర్పాట్లను తొలగించి, స్వయముగా వెలుగును నిర్ణయించు ప్రో విధానమున చిత్రములు తీయవలెను. పైని చెప్పిన మసక పరీక్షను తమ ఫోనుపై తామే చేసి చూడవలెను. ప్రతి చిత్రమునకు తేదీ, సమయము, స్థలము, దూరదర్శిని, అక్షికటకము, చేసిన దిద్దుబాట్లు ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. నిజామియా వేధశాల గాజుపలకలకు విలువ వచ్చినది అట్టి వివరములు జతపడి ఉండుట వలననే.

కళాశాల పాలకవర్గము వారు ఒక చిన్న దూరదర్శినిని, ఒక రికార్డు పుస్తకమును భౌతికశాస్త్ర శాఖకు సమకూర్చినచో, వచ్చే సంవత్సరపు సంచికలో మన విద్యార్థులు తీసిన చంద్రచిత్రమును ముద్రింపవచ్చును. అది కొంత మసకగా నున్నను ఫరవాలేదు. అది మన కళాశాల ఆవరణము నుండి కనబడిన చంద్రుడని నమ్మకముగా చెప్పగలుగుదుము.