గోల్ఫు ఆటగాండ్ర దేహసాధన

గోల్ఫు అను ఆట స్కాట్లండు దేశమున ప్రబలినది. ప్రజలు విలువిద్యను విడిచి దీనియందే మునిగిపోవుచున్నారని ఆ దేశపు శాసనసభ 1457వ సంవత్సరమున దీనిని నిషేధించెను. అయినను ఆట నిలిచినది. నేడు లోకమంతటను వ్యాపించినది. విశాలమైన పచ్చికబయలున 18 గుంటలుండును. 46 గ్రాములకు మించని చిన్నబంతిని పొడుగాటి కఱ్ఱలతో కొట్టుచు, వీలయినంత తక్కువ దెబ్బలతో ఒక్కొక్క గుంటలో పడవేయవలెను. ఇందు పరుగు లేదు, పెనుగులాట లేదు. చూచువారికిది పెద్దలు ప్రొద్దుపుచ్చుటకై చేయు నడకవలె తోచును. ఇట్టి యాటకు సాముగరిడీ యేల యని శ్రోతలడుగవచ్చును.

సమాధానము ఆ దెబ్బలోనే యున్నది. పైకెత్తిన కఱ్ఱ బంతిని తాకుటకు పట్టు కాలము సెకనులో ఇంచుమించు నాలుగవ వంతు. అంతలోనే గట్టి ఆటగాని కఱ్ఱకొన గంటకు 160 కిలోమీటర్లకు మించిన వేగమునందును. ఈ వేగము చేతులలో పుట్టునని అనేకులు తలంతురు. అది సరికాదు. జొన్నచేనిలో మంచెనెక్కి వడిసెల త్రిప్పువానిని మీరు చూచియున్నారు గదా! వాని పాదము నిలద్రొక్కుకొనును, నడుము తిరుగును, భుజము దానిననుసరించును. చిట్టచివర రాయి విడివడును. గోల్ఫు దెబ్బయు నిట్టిదే. బలము నేలనుండి కాళ్లకును, తుంటికిని, మొండెమునకును, భుజములకును క్రమముగా ప్రాకి తుదకు కఱ్ఱను చేరును. ఈ గొలుసున ఏ యొక కొక్కెము బలహీనమైనను దాని భారము ప్రక్కదానిపై బడును.

అట్లు భారమును మోయునది తఱచుగా నడుము. మన నడుమునందలి ఐదు వెన్నుపూసలు ముందు వెనుకలకు చక్కగా వంగును గాని ప్రక్కలకు మెలితిరుగుట వానికి మిక్కిలి కొలదిగానే సాధ్యము. తిరుగుటకు ఏర్పడినవి క్రింద తుంటికీళ్లు, పైన ఱొమ్మువెనుకటి వెన్ను. ఈ రెండును బిగిసియున్నచో, అవి చేయవలసిన పనిని నడుము చేయబోయి దెబ్బతినును. గోల్ఫు ఆటగాండ్రకు గలుగు బాధలలో నడుమునొప్పి ముఖ్యమైనది. బలమొక్కటియే చాలదనియు, కీళ్లు తిరుగుటయు కండలు సాగుటయు అవసరమనియు దీనివలన తెలియును. బిగుసుకొన్న బలవంతుడు తనకు తానే గాయము చేసికొనును. సాగుదల గలిగి బలము లేనివాడు దెబ్బను అదుపున నుంచుకొనజాలడు.

పూర్వము గోల్ఫు లోకమున వేఱొక నమ్మకముండెను. బరువులెత్తినచో కండలు గట్టిపడి ఆట చెడునని పెద్ద ఆటగాండ్రే హెచ్చరించుచుండిరి. ఈ మాటను లక్ష్యపెట్టనివాడు గేరీ ప్లేయరు. ఇతడు 1935వ సంవత్సరమున దక్షిణాఫ్రికాలో, బంగారుగనిలో పనిచేయువాని యింట జన్మించెను. ఎనిమిదేండ్ల ప్రాయమున తల్లిని గోల్పోయెను. ఆకారమున పొట్టివాడు. తనకంటె భారీమనుష్యులతో తులతూగవలెనని బరువులెత్తి, ఉదరమును బలపఱచుకొని, ఆహారమున నియమము పాటించెను. 1965 నాటికి గోల్ఫునందలి నాలుగు మహాపోటీలను గెలిచెను. 1978లో తన 42వ యేట, ఆగస్టా నగరమందలి మాస్టర్స్ పోటీలో, కడపటి దినమున ఏడు దెబ్బలు వెనుకబడియుండి కూడ 64 దెబ్బలతో ఆట ముగించి, ఒక్క దెబ్బ తేడాతో జయించెను. నేడు పేరుగల ఆటగాండ్రందఱును వ్యాయామమును ఆటలో భాగముగనే యెంచుచున్నారు.

ఇక సాధనక్రమము. ఆటకు ముందు పది నిమిషములు వడిగా నడచి, చేతులను, తుంటిని, మొండెమును మెల్లగా త్రిప్పి ఒడలు వెచ్చబఱచుకొనవలెను. కండను సాగదీసి కదలక పట్టియుంచుట ఆట ముగిసిన పిదప మేలు. ఒక్కొక్క భంగిమను 15 మొదలు 30 సెకనులవఱకు నిలుపవచ్చును. ఊపిరి బిగబట్టరాదు, కుదుపరాదు. బలసాధన వారమునకు రెండు దినములు చాలును. నడుమ ఒక దినమైనను విశ్రాంతి యుండవలెను. కాళ్లకు బస్కీలు, తుంటికి వెల్లకిల పండుకొని మోకాళ్లు ముడిచి పిఱుదులనెత్తుట, ఱొమ్మునకు దండీలు, వీపునకు బరువును తనవైపు లాగికొనుట ప్రధానములు. వెన్ను తిరుగుటకు ప్రక్కకు పండుకొని మోకాళ్లను కదలనీయక పైచేతిని వెనుకకు విప్పవలెను. ఇందు మన తాలింఖానాలలో లేనిది మిక్కిలి తక్కువ.

మీరు గోల్ఫు ఆడరు. అయినను గడ్డపార యెత్తి త్రవ్వునపుడును, గంప తలకెత్తుకొనునపుడును, బావిలో చేదవేయునపుడును ఈ గొలుసే పనిచేయును. వయసు మీఱినకొలది కండ తఱుగును, కాలు తడబడును. ఒక్క పాటున తుంటి యెముక విఱిగి మంచమెక్కినవారిని ప్రతి గ్రామమునను చూచుచున్నాము. ఈ తఱుగుదలను చాలవఱకు మరల్చవచ్చును. అమెరికాలోని బోస్టను నగరమున 90 ఏండ్లకు చేరువైన దుర్బలులైన వృద్ధులచేత వైద్యులు ఎనిమిది వారములు కాళ్లకు బరువుల సాధన చేయించిరి. సాధనము ముగించినవారి కాలిబలము సగటున రెట్టింపునకు మించి పెరిగినట్లు 1990లో ప్రకటించిరి.

కావున పెద్దలు చేయదగిన పని సులభము. గట్టి పీఁటపైనుండి చేతులూనక పదిసారులు లేచి కూర్చుండుడు. గోడ చెంత నిలిచి, అవసరమైనపుడు దానినానుకొనుచు, ఒంటికాలిపై కొంతసేపు నిలుచుటను అలవఱచుకొనుడు. గుండెజబ్బుగాని, రక్తపుపోటుగాని, పాత నడుమునొప్పిగాని యున్నవారు ముందుగా వైద్యునడుగవలెను. నొప్పి పుట్టినచోట ఆగవలెను. నేడు కొలదిగా, రేపు మఱికొంచెము, ఎల్లుండి విశ్రాంతి. ఈ క్రమము తప్పనివానికి కఱ్ఱ ఊతగాక ఆటవస్తువగును.