కో-వర్కింగ్ : ఒక ఉమ్మడి పనిచోటు కథ

మన హాస్టల్ నుండి బయటికి వెళ్ళినవారికి ముందుగా ఎదురయ్యే కష్టం ఒకటుంది. డిగ్రీ చేతికి వస్తుంది, సొంతంగా చేసుకోదగ్గ పని కూడా ఏదో ఒకటి దొరుకుతుంది. కానీ కూర్చోవడానికి చోటుండదు. సందేహం వస్తే అడగడానికి పక్కన మనిషి ఉండడు. ఈ రెండు లోట్లనూ కలిపి తీర్చాలని పుట్టిన ఏర్పాటే కో-వర్కింగ్. దీన్ని గురించి మన విద్యార్థులకు తెలియజేయాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

2005 ఆగస్టు 9న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామర్ దీన్ని ప్రారంభించాడు. ఉద్యోగంలో తోడుంటుంది, స్వేచ్ఛ ఉండదు. సొంత పనిలో స్వేచ్ఛ ఉంటుంది, తోడుండదు. అతనికి రెండూ కావాలి. 'స్పైరల్ మ్యూజ్' అనే ఇంట్లో సోమ, మంగళవారాల్లో మాత్రం కొన్ని బల్లలు వేశాడు. ఇంటర్నెట్ ఉచితం, మధ్యాహ్నం అందరూ కలిసి భోజనం, సాయంత్రం 5.45కు తలుపులు మూసెయ్యడం. (మన స్టడీ అవర్ బెల్లు గుర్తొస్తోందా?) మొదటి నెల ఒక్కరూ రాలేదు. అయినా అతను మానలేదు. పైగా ఈ ఆలోచననూ, పేరునూ ఎవరైనా వాడుకోవచ్చన్నాడు. ఇంటర్నెట్ ద్వారా అది ఊరూరా పాకింది. 2006లో అదే నగరంలో 'సిటిజన్ స్పేస్' ప్రారంభించినవారిలో క్రిస్ మెస్సినా ఒకడు. 2007లో ట్విట్టర్‌లో హ్యాష్‌ట్యాగ్ వాడదామని సూచించింది కూడా ఈయనే.

ఇంటర్నెట్ పరిచయం ఒక్కటే చాలదా అని కొందరు అడగవచ్చు. చాలదనే మా అభిప్రాయం. తెరమీద వెయ్యిమంది పరిచయమవుతారు గాని, మన పనితీరు వాళ్ళకు తెలియదు. ఒకే బల్ల దగ్గర నెలరోజులు కూర్చున్నవాడికి తెలుస్తుంది. "ఆ అబ్బాయి చేయగలడు" అని పదిమందికి చెప్పేది అతనే. ఆ మాటను దూరంగా ఉన్న వందమందికి చేరవేసేది ఇంటర్నెట్. 1973లో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక విషయం చూపించాడు. తెలిసినవారి ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళలో ఎక్కువమందికి ఆ కబురు రోజూ కలిసే స్నేహితుల నుండి కాక, ఎప్పుడో ఒకసారి కలిసే పరిచయస్తుల నుండి అందింది. కూలికి వెళ్ళే మన తల్లిదండ్రులకు అలాంటి పరిచయాలు ఎక్కడివి? మార్కుల్లో ముందున్న మనవాళ్ళు ఉద్యోగం దగ్గర వెనకబడడానికి ఇదీ ఒక కారణం.

అయితే అద్దె వ్యాపారాన్నే స్నేహమని అమ్మిన సంస్థలూ ఉన్నాయి. 2010లో న్యూయార్క్‌లో మొదలైన వీవర్క్ ఎంతో వెలిగి, 2023 నవంబరులో దివాలా రక్షణ కోరింది. మన హైదరాబాదులో 2015లో ట్రిపుల్ ఐటీ ఆవరణలో టీ-హబ్ ప్రారంభమై, 2022లో రాయదుర్గంలోని పెద్ద భవనానికి మారింది. అది కొత్త కంపెనీలు పెట్టేవారికి. మనవాళ్ళకు మొదటినుండీ తెలిసిన ఉమ్మడి చోటు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం. పగలు అక్కడ పక్కపక్కన చదువుకుంటారు, రాత్రి వాట్సాప్‌లో నోట్సు పంచుకుంటారు. పైసా ఖర్చు లేని కో-వర్కింగ్ అంటే అదే!

మన పూర్వ విద్యార్థులకు వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో శుభోదయాలకు లోటు లేదు, చోటే లేదు. ఆదివారం మధ్యాహ్నం 2 నుండి 5 వరకు స్టడీ హాలు ఇస్తామని వార్డెన్ గారు అన్నారు. ప్రస్తుతం మా దగ్గర రెండు బల్లలు, ఒక ప్లగ్ బోర్డు ఉన్నాయి. పాత ల్యాప్‌టాప్ ఉన్న అన్నలు తెచ్చి ఇవ్వగలరు. అదీ లేనివారు ఊరికే వచ్చి, ఫైనలియర్ పిల్లల పక్కన ఒక పూట కూర్చున్నా చాలు.