11 గంటల దావత్: దస్తర్‌ఖాన్ మీద ఏముండాలి?

ఆదివారం బంధువులను పొద్దున నాష్తాకు కాకుండా, మధ్యాహ్నం భోజనానికీ కాకుండా, 11 గంటలకు పిలవడం మన ఇళ్లలోనూ మొదలైంది. పిల్లలు దీన్నే బ్రంచ్ అంటున్నారు. వంట ఒక్కసారితో అయిపోతుంది, మాటలకు తీరిక దొరుకుతుంది. మంచిదే. అయితే రెండు పూటల తిండి ఒక్క పూటలో పెట్టాలనుకుంటే మాత్రం మేదా, అంటే జీర్ణాశయం, మొరాయిస్తుంది.

వేడికి చలువ తోడు

యూనానీలో ప్రతి పదార్థానికీ ఒక మిజాజ్ ఉంటుంది. వేడి, చలువ, తడి, పొడి అనే గుణాలను బట్టి దాన్ని నిర్ణయిస్తాం. ఒక పదార్థం గుణం మితిమీరకుండా సరిచేసే రెండో పదార్థాన్ని ముస్లిహ్ అంటాం. ఈ పేరు తెలియకపోయినా మన నానీలు, దాదీలు వంటలో దీన్ని పాటించారు. ఖిచిడీ, ఖీమా, ఖట్టా జోడీనే చూడండి. ఖీమా వేడి చేస్తుంది. ఖట్టాలోని చింతపండు చలువ. పక్కన కీరా ముక్కలు, పెరుగు చట్నీ ఉంటే ఇంకా మేలు.

10 మందికి బియ్యం ముప్పావు కిలో, మసూర్ పప్పు పావు కిలో, ఖీమా ఒక కిలో చాలు. దీని మీద మళ్లీ బిర్యానీ, పాయా, పరాటాలు వద్దు. మీఠా ఒక్కటే ఉండాలి, అదీ చిన్న కప్పులో. భోజనం కాగానే చాయ్ ఇవ్వకండి. తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా చాయ్ అడ్డుపడుతుంది. రక్తం తక్కువున్న ఆడవాళ్లు గంటసేపు ఆగి తాగాలి. అప్పటిదాకా సోంపు వేసి మరిగించిన నీళ్లు గోరువెచ్చగా ఇవ్వండి.

షుగర్ ఉన్న అతిథి

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. పొద్దున షుగర్ మాత్ర వేసుకునో, ఇన్సులిన్ తీసుకునో, ‘దావత్‌లో తింటాం కదా’ అని ఖాళీ కడుపుతో బయల్దేరే పెద్దలున్నారు. 11 అన్నది 12 అవుతుంది. ఈలోగా రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడడం దాని గుర్తులు. మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే 3 చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగించండి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అంతదాకా రాకుండా చూడడం ఇంటివారి చేతిలోనే ఉంది. పిలిచేటప్పుడే ‘షుగర్ మందు వాడుతున్నారా?’ అని అడగండి. అలాంటివారిని ఇంటి దగ్గర తమ వేళకు నాష్తా చేసే రమ్మనండి. మందు వేళ మార్చుకోవాలంటే వారి డాక్టరునే అడగాలి. యూనానీ మందు వాడుతున్నామని ఇన్సులిన్ ఆపడం ప్రాణం మీదికి తెస్తుంది.

షర్బత్ విషయంలోనూ జాగ్రత్త. 1906లో ఢిల్లీలో హకీమ్ హాఫిజ్ అబ్దుల్ మజీద్ స్థాపించిన హమ్‌దర్ద్ దవాఖానా నుంచే రూహ్ అఫ్జా వచ్చింది. అది హకీములు చేసిన షర్బతే కదా అని షుగర్ ఉన్నవారికి పోయకండి. అందులో ఎక్కువ భాగం చక్కెరే. వారికి చక్కెర లేని నిమ్మరసమో, పలుచని మజ్జిగో ఇవ్వండి. బీపీ ఉంటే అందులో ఉప్పు వేయకండి. అచార్, అప్పడాలు కూడా వారికి దూరంగా పెట్టండి.

బలవంతం వద్దు

కడుపులో మూడో వంతు తిండికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి అన్న హదీసు మీకు తెలిసిందే. కొంచెం ఆకలి ఉండగానే లేవమని మన హకీములు చెప్పేదీ అదే. కాబట్టి అతిథి చాలన్నాక ‘ఇంకో గరిటె’ అని ప్లేటులో వేయకండి. వచ్చినవారు తేలికైన కడుపుతో, హుషారుగా ఇల్లు చేరితేనే మన మెహ్మాన్‌నవాజీకి అందం.