వడ్డి లేని అప్పు

దుర్గి ప్రాంతపు మిరపరైతు నెలకు నూటికి 2 రూపాయల వడ్డికి అప్పు తెచ్చినచో, ఏటికి నూటికి 24 రూపాయలు చెల్లింపవలెను. పైరు ఎండినను వడ్డి ఎండదు. ఇస్లాము ఇట్టి వడ్డిని నిషేధించి, లాభమున పాలు గోరువాడు నష్టమునను పాలుగొనవలెనని విధించినది. హైదరాబాదున 1966లో వెలసిన తూర్ బైతుల్‌మాల్ నగల కుదువపై వడ్డి లేకయే అప్పులిచ్చెను. వడ్డి లేని బ్యాంకు వ్యవహారము నెలకొల్పవలెనని 2008లో రఘురామ్ రాజన్ సంఘము సూచించినను, 2017లో రిజర్వు బ్యాంకు ఆ యోచనను విరమించెను. ఇది ఒక మతమువారి సంగతియని త్రోసివేయుట తగదని మా అభిప్రాయము. రైతుకొరకు మేము కోరునది నష్టములో భాగస్వామ్యమే గాని దానము గాదు. పంట పోయిననాడు ఋణదాతయు కొంత భరించు ఏర్పాటును మన సహకార సంఘములైనను దుర్గిలో ఒక్క పంటకాలము పరీక్షించి చూడరాదా?