పెరటి కుంటలో చేపలు: లెక్క తప్పితే చిక్కే!

ఇంటి వెనక అయిదు సెంట్ల పల్లం ఖాళీగా ఉంది. పక్కనే బోరు, పాకలో రెండు గేదెలు. ఇవి ఉన్న చిన్న రైతుకు చేపల కుంట తవ్వుకుందామన్న ఆలోచన రావడం సహజమే. కూరకు కొదవ ఉండదు, మిగిలినవి అమ్ముకోవచ్చు. అయితే తొలి ఏడాదే చేతులు కాల్చుకుని కుంట పూడ్చేసిన వాళ్లూ ఉన్నారు.

ఈ విలేకరికీ అలాంటి అనుభవమే ఉంది. మా పెరటి కుంటలో వంద పిల్లలు వేయాల్సి ఉండగా, చవగ్గా దొరికాయని అయిదు వందలు వేశాం. నాలుగు నెలలు బాగానే ఆడాయి. ముసురు పట్టిన మూడో రోజు తెల్లవారి చూస్తే కుంటంతా చచ్చి తేలిన చేపలే. ఎవరో మందు కలిపారని మా ఇంట్లో వాళ్లు పక్కింటి వాళ్లతో తగవు పడ్డారు. ఎవరూ కలపలేదు. నీటిలో ప్రాణవాయువు చాలక చచ్చాయి. ఆశ లావు, పీక సన్నం అంటే ఇదే.

స్థలం, తవ్వకం

నీరు నిలిచే బంకమట్టి నేల కావాలి. తడిమట్టిని ఉండ చేసి పైకెగరేసి పట్టుకోండి. చెదిరిపోకపోతే ఆ నేల పనికొస్తుంది. ఎండ బాగా పడాలి. చెట్ల ఆకులు రాలే చోటు, పురుగు మందు కొట్టిన పొలం నీరు దిగే చోటు వద్దు. తవ్వే ముందు అనుమతుల సంగతి ఊళ్లోని అధికారులను అడగండి.

నీటి లోతు 4 నుంచి 6 అడుగులు ఉండాలి. గట్టు నీటిమట్టం కన్నా 2 అడుగులు ఎత్తుండాలి. నీరు వచ్చే తూముకు, పోయే తూముకు సన్న వల కట్టాలి. పసిపిల్లలున్న ఇళ్లలో కుంట చుట్టూ దడి కట్టాకే నీరు పెట్టండి. ఈ పని రేపటికి వాయిదా వేయవద్దు.

కుంట తయారీ

పాత కుంట అయితే నీరు తీసి, అడుగు నెర్రెలు వచ్చేదాకా ఎండగట్టాలి. లేకపోతే వాలుగ, కొర్రమీను మిగిలిపోయి పిల్లలను తినేస్తాయి. సెంటుకు కిలో చొప్పున సున్నం చల్లాలి. వారం ఆగి సెంటుకు 8 కిలోల పశువుల పేడ వేసి నీరు పెట్టాలి. బోరు నీటిని ఎత్తు నుంచి పడేలా పెడితే గాలి కలుస్తుంది.

పది, పదిహేను రోజుల్లో నీరు లేత ఆకుపచ్చగా మారుతుంది. చెయ్యి మోచేతి దాకా ముంచినప్పుడు అరచెయ్యి మసకబారితే మేత తయారైనట్టు. మరీ ముందే కనిపించకపోతే పేడ ఎక్కువైందని గుర్తు.

ఏ పిల్లలు, ఎన్ని?

సెంటు నీటికి 20 పిల్లలు చాలు. అయిదు సెంట్లకు బొచ్చె 40, శీలావతి 30, మోసు 30 వేసుకోండి. బొచ్చె పైనీటిలో, శీలావతి మధ్యనీటిలో, మోసు అడుగున మేస్తాయి. ఒకదాని మేతకు ఒకటి పోటీ రాదు.

4 నుంచి 6 అంగుళాల పిల్లలనే కొనాలి. చిన్నవి చవకే గాని సగం కూడా నిలవవు. త్వరగా పెరుగుతాయని ఆఫ్రికా క్యాట్‌ఫిష్ అంటగడితే తీసుకోవద్దు. దాని పెంపకం మన దేశంలో నిషేధం.

చల్లటి పూట పిల్లలను వదలాలి. సంచిని మూతి విప్పకుండా పావుగంట కుంటలో తేలనివ్వాలి. తరువాత కొద్దికొద్దిగా కుంట నీరు సంచిలోకి పోసి, వాటంతట అవే బయటికి ఈదనివ్వాలి.

మేత

తవుడు, వేరుశనగ చెక్క సమంగా కలిపి, కన్నాలు పెట్టిన సంచిలో పోసి, కర్రకు కట్టి నీటిలో వేలాడదీయాలి. చేప సగటున 100 గ్రాములు ఉన్నప్పుడు వంద చేపలకు రోజుకు 300 గ్రాములు, అరకిలో అయ్యాక ఒక కిలో సరిపోతుంది. సంచిలో మేత మిగిలితే మర్నాడు తగ్గించాలి. పదిహేను రోజులకొకసారి సెంటుకు 2 కిలోల పేడ వేస్తే చాలు.

తెల్లవారుజామున చూడండి

చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తుంటే ప్రమాదం ముంచుకొచ్చినట్టే. ముసురు రోజుల్లో ఇది ఎక్కువ. వెంటనే మేత, పేడ ఆపేయాలి. బోరు వేసి కొత్త నీరు పెట్టాలి. కరెంటు లేకపోతే ఇంటిల్లిపాదీ దిగి బిందెలతో నీళ్లు ఎత్తిపోయాలి. అప్పటికి ప్రాణాలు నిలుస్తాయి.

పది నెలలకు వందలో 80 నిలిచి, చేప ముప్పావు కిలో తూగితే 60 కిలోలు వస్తాయి. అంతకు మించి వస్తుందని ఎవరన్నా చెబితే నమ్మి అప్పు చేయకండి. పెద్దవాటిని ముందు పట్టుకుంటూ పోతే మిగతావి తేరుకుంటాయి.

మరుసటి ఏడు మేం లెక్కగా వంద పిల్లలే వేశాం. తొలి వలలో పడ్డ రెండు శీలావతులను పక్కింటికి పంపాం.